ఒకే మందు బెంగళూరు ఆసుపత్రిలో ఫుల్ ఎమ్మార్పీకి, జయనగర్‌ షాపులో సగానికి: ఫిర్యాదు చేయొచ్చా?

అది స్టాకిస్టు (టోకు వ్యాపారి), షాపుల మార్జిన్ తేడా. ఎమ్మార్పీ దాటనంతవరకు అదొక్కటే పట్టుకుంటే ఫిర్యాదు నిలవదు. అసలు ఎమ్మార్పీయే ప్రభుత్వ గరిష్ఠ ధరను దాటిందేమో చూడండి.

1. ఫార్మా సహీ దామ్ యాప్‌లో స్ట్రిప్ వెనక సన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు (బ్రాండ్ పేరు కాదు), మిల్లీగ్రాములతో వెతకండి. చాలామంది పొరబడేది ఇక్కడే: సాధారణంగా కనిపించేది ఒక్క మాత్ర ధర, అదీ జీఎస్టీ లేకుండా. స్ట్రిప్‌లో పది ఉంటే పదితో గుణించి, పన్ను కలిపి, అప్పుడు పోల్చండి. లేకపోతే అనవసరంగా టెన్షన్.

2. దాటిందా? బ్యాచ్ నంబరున్న బిల్లు జోడించి మందుల ధరలు నియంత్రించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ ఫిర్యాదుల పోర్టల్ ఫార్మా జన్ సమాధాన్‌లో పెట్టండి.

3. గరిష్ఠ ధర లేని మందైతే, ఏడాదిలో ఎమ్మార్పీ 10 శాతానికి మించి పెరగకూడదు. పోల్చి చూడ్డానికి పాత స్ట్రిప్ పారేయకండి.