చేయకపోవచ్చా, చేయరాదా?

సందేహం: ఒక వెబ్‌సైట్‌లో ఖాతా తెరుస్తూ, తెలుగులోనే ఉన్నాయి కదా అని ‘నిబంధనలు, షరతులు’ ఓపిగ్గా చదివాను. ‘మీరు మీ ఖాతాను ఇతరులకు బదిలీ చేయకపోవచ్చు’ అని ఉంది. ఇంతకీ చేస్తే తప్పా, కాదా? నిబంధన, షరతు ఒకటేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: తప్పే. వాళ్ళు చెప్పదలచుకున్నది ‘బదిలీ చేయరాదు’ అని. అనువాదంలో నిషేధం కాస్తా అనుమానమైపోయింది.

‘సాయంత్రం వాన పడవచ్చు’ అంటే ఊహ. ‘మీరిక వెళ్ళవచ్చు’ అంటే అనుమతి. ఔననేటప్పుడు రెండింటికీ ‘వచ్చు’ ఒక్కటే చాలు. కాదనేటప్పుడే దారులు వేరవుతాయి: ఊహకు ‘పడకపోవచ్చు’, అనుమతికి ‘వెళ్ళరాదు’. వాడుకలో ‘వెళ్ళకూడదు’ అంటాం. ఇంగ్లీషులో ‘మే నాట్’ రెండు చోట్లా సరిపోతుంది. అనువదించింది మనిషో యంత్రమో గానీ, అక్కడ బోల్తా పడ్డారు. ఆర్కే బీచ్‌లో ‘నీటిలోకి దిగరాదు’ అనాల్సిన చోట ‘దిగకపోవచ్చు’ అని బోర్డు పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఔనన్న వాక్యాల్లోనూ జాగ్రత్త అవసరమే. ‘కంపెనీ మీ ఖాతాను నిలిపివేయవచ్చు’ అన్నది చదివితే ఎప్పుడో జరిగితే జరుగుతుందిలే అనిపిస్తుంది. అది జోస్యం కాదు, హక్కు. ‘నిలిపివేసే హక్కు కంపెనీకి ఉంది’ అని రాసి ఉంటే ఇంకోసారి ఆలోచించేవారు.

ఇలాంటి పత్రాల్లోనే ‘సహా, కానీ వీటికే పరిమితం కాకుండా’ అనే వింత మాట కూడా కనిపిస్తుంది. మన దస్తావేజులు రాసేవాళ్ళకు దానికి ‘వగైరా’ ఒక్కటి సరిపోయేది.

ఇక రెండో ప్రశ్న. నిబంధనలో ఉన్నది ‘బంధ’ ధాతువు, అంటే కట్టు. షరతు అరబ్బీ నుంచి వచ్చింది. (‘షరా మామూలే’లోని షరా వేరే మాట.) ఇద్దరినీ కట్టి ఉంచేది నిబంధన, ఒకటి జరిగితేనే మరొకటి అనేది షరతు. ‘పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వరాదు’ నిబంధన. ‘వారంలోగా తిప్పి పంపితే డబ్బు వాపసు’ షరతు. వ్యాకరణంలో చేదర్థకం అనే ఆ ‘తే’ దగ్గరే షరతు దాక్కుంటుంది. వాడుకలో మాత్రం రెండూ కలిసిపోయాయి. దాన్ని తప్పు పట్టను.

వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చేసిన చట్టం, మీ సమాచారం వాడుకోవడానికి సమ్మతి అడిగేటప్పుడు సులువైన మాటల్లో అడగాలనీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలనీ అంటుంది. తెలుగు అందులో ఉంది. అయితే, తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని చాలా వెబ్‌సైట్లు చివర్లో ఒక వాక్యం రాసుకుంటాయి. కనుక ‘కపోవచ్చు’ కనిపించిన ప్రతిచోటా ఒకసారి ఇంగ్లీషులోకి మార్చి చూడండి.