డిసెంబర్ 31 రాత్రి చర్చికి వెళ్ళేలోపే మీ అన్నకి ఫోన్ చెయ్యి

బుజ్జీ, పెద్దమ్మని. నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకేం చెప్పాలో తోచలేదు, అందుకే ఇవాళ కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో. మీ అమ్మ గాజులు మీ అన్న తాకట్టు పెట్టి విడిపించలేదు, వేలానికి పోయాయి, నీకు ఒక్క మాట చెప్పలేదు. అది తప్పే, "పోన్లే గాజులే కదా" అనే వాళ్ళ మాట అస్సలు వినకు.

నాకూ జరిగింది ఇలాంటిది. మీ చిన్న మావయ్య నా చేత చీటీకి జామీను సంతకం పెట్టించి, పాట పాడుకున్నాక కట్టడం మానేశాడు, 22 నెలలు నా జీతంలోంచే పోయింది. తొమ్మిదేళ్ళు మాట్లాడలా. ఆ తొమ్మిదేళ్ళూ 31 రాత్రి ఆరాధన మాత్రం ఒక్కటి మానలేదు, పన్నెండింటికి మోకాళ్ళూనడం, పళ్ళెంలోంచి బైబిల్ వాక్యం రాసున్న వాగ్దానం కార్డు తీసుకోవడం, కేకు తిని ఇంటికి రావడం. ఒక ఏడు యెషయా 43:19 వచ్చింది, దేవుడు నూతనక్రియ, అంటే కొత్త పని, చేస్తానన్న వాక్యం, ఫ్రిజ్ మీద అంటించుకున్నా, కార్డు పాతబడింది గానీ నేను మారలా.

చివరికి ఒక ఏడు పరలోక ప్రార్థనలో ఇరుక్కున్నా. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర గొంతు ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి గడగడా చెప్పేదే, ఋణస్థుడంటే నాకైతే నిజంగానే చీటీ డబ్బు బాకీ ఉన్నవాడు గదా. పైగా క్షమిస్తాం అని కాదు, క్షమించియున్న. అంటే ఆ పని ముందే అయిపోయి ఉండాలి.

మత్తయి 18లో ఆ దాసుడి కథ తెలుసుగా, తన పెద్ద అప్పు రాజు వదిలేసినా తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడే, వాడికి రావాల్సింది నూరు దేనారాలు. దేనారం అంటే ఒక రోజు కూలి, అంటే వంద రోజుల కూలి అన్నమాట, అదేం చిల్లర డబ్బు కాదు. ప్రభువు నీ నష్టం చిన్నదని అనట్లేదు, వాడి పీక పట్టుకోవద్దంటున్నాడు అంతే.

ఇక నువ్వేం చెయ్యాలంటే, ముందు వాట్సాప్ మెసేజ్ జోలికి పోకు, ఆ రోజు అందరూ పంపే పూల బొమ్మల్లో అదీ కలిసిపోద్ది. ఫోనే చెయ్యి. "నిన్ను క్షమించాను అన్నయ్యా" అని మాత్రం అనకు తల్లీ, నేనలా అని మావయ్యతో ఇంకో పెద్ద గొడవ పెట్టుకున్నా, నువ్వెవత్తివి నన్ను క్షమించడానికి అన్నాడు. అది దేవుడి దగ్గర చెప్పుకో, ఆయన దగ్గర గాజుల తూకంతో సహా చెప్పి ఏడువు. వాడిని మాత్రం షుగర్ ఎలా ఉంది, పిల్లల పరీక్షలెప్పుడు అని అడుగు.

ఇంకోటి, చెప్తే కోపం వస్తదేమో. మత్తయి 5:23 మళ్ళీ చదువు, అర్పణ ఇచ్చేముందు వెళ్ళి సహోదరుడితో సమాధానపడమన్న చోటు, నీకు వాడి మీద విరోధం ఉంటే అని కాదు, వాడికి నీ మీద ఉంటే అని ఉంది. అమ్మ జ్ఞాపకార్థ కూడికలో నువ్వు వాడిని దొంగా అన్నావు, వదిన ఉంది, పిల్లలున్నారు, ఆ పెద్దోడు ప్లేటు పక్కన పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు, నేను చూశా. దానికి సారీ చెప్పు, "కానీ నువ్వు చేసింది" అని తోక తగిలించకుండా.

వాడు ఫోన్ పెట్టేస్తే పెట్టెయ్యనీ, రోమా 12:18లో "శక్యమైతే" అనే ఉంది, నీ చేతనైనంతే. క్షమించావని మళ్ళీ బంగారం మాత్రం చేతిలో పెట్టకు, మావయ్యతో నేనిప్పుడు కలిసి భోంచేస్తా, జామీను మాత్రం పెట్టను, ఆయనా అడగడు. ఫోన్ చేశాక కూడా ఫిబ్రవరిలో ఎప్పుడో గిన్నెలు తోముతుంటే మళ్ళీ మంట లేస్తది, ప్రభువు డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్నది అందుకేనేమో.

గులాబీ పువ్వులు చేశా, రెండు డబ్బాలు బస్సుకి వేస్తున్నా. మూత మీద ఎర్ర రిబ్బన్ ఉన్నది మీ అన్న వాళ్ళది, నువ్వే తీసుకెళ్ళివ్వు, ఎవరితోనూ పంపకు.