సొంతంగా బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ను ఆప్ట్ గుర్తించాలంటే

ప్రశ్న: నా కంప్యూటర్‌లో డెబియన్ (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వాడుతున్నాను. అందులో ఉన్న ఒక ప్రోగ్రామ్ పాతబడిందని దాని సోర్స్ కోడ్ డౌన్‌లోడ్ చేసి, కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ కమాండ్లతో కొత్త వెర్షన్ ఎక్కించాను. ప్రోగ్రామ్‌ను తెరిస్తే కొత్తదే నడుస్తోంది కానీ, ప్యాకేజీలను ఎక్కించి, తొలగించే ఆప్ట్ మాత్రం పాత వెర్షన్‌నే చూపుతోంది. ఆప్ట్‌తో తొలగించినా కొత్తది పోవడం లేదు. దీన్ని పూర్తిగా తీసివేయడం ఎలా? ఇకపై ఏ పద్ధతి పాటించాలి?

జవాబు: మేక్ ఇన్‌స్టాల్ ఫైళ్లను వాటి స్థానాల్లోకి కాపీ చేస్తుందే తప్ప, ఏ ఫైలు ఎక్కడ పెట్టిందో డీపీకేజీ (ఆప్ట్ వెనుక ఉండి ప్యాకేజీలను ఎక్కించే ప్రోగ్రామ్) డేటాబేస్‌కు తెలియజేయదు. ఆ డేటాబేస్‌లో లేనిదాన్ని ఆప్ట్ చూపలేదు, తొలగించలేదు. సాధారణంగా ఆ ఫైళ్లు యూఎస్ఆర్ కింద ఉన్న లోకల్ డైరెక్టరీలోకి వెళ్తాయి. ప్రోగ్రాములను ఏ డైరెక్టరీల్లో ఏ వరుసలో వెతకాలో చెప్పే పాత్ వేరియబుల్‌లో ఆ డైరెక్టరీ ముందు ఉంటుంది కనుక మీకు కొత్త వెర్షనే నడుస్తోంది. ప్రోగ్రామ్ వరకైతే ఇందులో ప్రమాదమేమీ లేదు. సిస్టమ్‌లో ఉన్నదాని పేరే గల లైబ్రరీ (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్) కూడా అక్కడ చేరితే మాత్రం, దానితో సంబంధం లేని ఇతర ప్రోగ్రాములు సైతం దాన్నే లోడ్ చేసుకుని ఆగిపోయే అవకాశం ఉంది.

బిల్డ్ చేసిన డైరెక్టరీ ఇంకా ఉంటే అందులో మేక్ అన్‌ఇన్‌స్టాల్ ప్రయత్నించండి. ఆ సదుపాయాన్ని అందరు రచయితలూ కల్పించరు. లేనప్పుడు అదే వెర్షన్‌ను అవే కన్ఫిగర్ ఆప్షన్లతో మళ్లీ బిల్డ్ చేసి, డెస్ట్‌డిర్ అనే వేరియబుల్‌కు ఒక ఖాళీ డైరెక్టరీని ఇచ్చి మేక్ ఇన్‌స్టాల్ నడిపితే, ఫైళ్లన్నీ అసలు స్థానాలకు బదులు ఆ డైరెక్టరీలో అదే అమరికతో చేరతాయి. అప్పుడు ఏమేం తొలగించాలో మీ కళ్లెదుటే ఉంటుంది. ఆ జాబితా ప్రకారం లోకల్ డైరెక్టరీలోని ఫైళ్లను తీసివేసి, లైబ్రరీలు కూడా ఉన్నట్లయితే లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్‌ను రూట్ హక్కులతో ఒకసారి నడపండి.

ఇకపై సొంత బిల్డ్ అవసరమైతే, అది మీ ఒక్కరి కోసమే అయినా ప్యాకేజీగానే చేయండి. చెక్‌ఇన్‌స్టాల్ అనే పనిముట్టు మేక్ ఇన్‌స్టాల్‌ను గమనించి డెబ్ ఫైలును (డెబియన్ ప్యాకేజీని) తయారుచేస్తుంది కానీ, డిపెండెన్సీలను (నడవడానికి కావలసిన ఇతర ప్యాకేజీలను) తనంతట తాను కనిపెట్టదు. ఇతరులకు ఇవ్వడానికి ఆ ప్యాకేజీ పనికిరాదని నా అభిప్రాయం. డెబియన్ ప్యాకేజీనే ఆధారంగా తీసుకోవడం మేలు. సోర్స్ రిపాజిటరీలను (ప్యాకేజీల సోర్స్ కోడ్ నిల్వలను) ఎనేబుల్ చేసి, ఆప్ట్ సోర్స్‌తో దాని సోర్స్‌ను, ఆప్ట్ బిల్డ్-డెప్‌తో బిల్డ్‌కు కావలసిన ప్యాకేజీలను తెచ్చుకుని, మార్పులు చేశాక డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ నడపండి. తయారైన డెబ్ ఫైలును ఆప్ట్ ఇన్‌స్టాల్‌కు ఇచ్చేటప్పుడు పేరుకు ముందు చుక్క, స్లాష్ తప్పనిసరి. అవి లేకపోతే ఆప్ట్ దాన్ని రిపాజిటరీలోని ప్యాకేజీ పేరుగా భావిస్తుంది.

చాలామంది పట్టించుకోనిది వెర్షన్ సంఖ్య. అసలుది 2.4-1 అనుకుందాం. దాని చివర ప్లస్ గుర్తుతో లోకల్1 అని చేర్చితే, సెక్యూరిటీ అప్‌డేట్‌గా ప్లస్ డెబ్12యూ1 వచ్చినప్పుడు, అక్షర క్రమంలో ఎల్ అనేది డీ తరువాతది కనుక మీ ప్యాకేజీనే పెద్దదిగా లెక్కకు వచ్చి, ఆ అప్‌డేట్ చేరదు. ప్లస్ లేకుండా నేరుగా లోకల్1 అని చేర్చితే ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే డీపీకేజీ లెక్కలో అక్షరాలు ఇతర గుర్తుల కంటే ముందు వస్తాయి. ప్యాకేజీ మార్పుల చిట్టాను రాసే డీసీహెచ్ కమాండ్‌కు లోకల్ ఆప్షన్ ఇస్తే ఈ రూపంలోనే రాస్తుంది. ఆ అప్‌డేట్ వచ్చి కూర్చుంటే మీ మార్పులు పోతాయి కనుక, కొత్త సోర్స్‌పై వాటిని మళ్లీ చేర్చి బిల్డ్ చేయాలి. అలా కాదని ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో మీ ప్యాకేజీని నిలిపి ఉంచితే, భద్రతా లోపాల సవరణలను గమనించే బాధ్యత పూర్తిగా మీదే అవుతుంది.