టైగర్ నాటి సూపర్‌వైజరా, ఫిషరీస్ చదివిన కుర్రాడా?

ప్రశ్న: మాది విడవలూరు మండలం, వనామి రొయ్యల గుంటలు. టైగర్ రొయ్యలు వేసిన రోజుల నుంచీ మా దగ్గరే ఉన్న సూపర్‌వైజర్ ఏడో తరగతితో ఆపేశాడు. ఈమధ్య ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివిన కుర్రాడు చేరాడు. ఇద్దరికీ పడటం లేదు. మేనేజర్‌గా ఎవర్ని పెట్టమంటారు?
– ఒక రైతు

జవాబు: సర్టిఫికెట్టూ సర్వీసూ రెండూ కాసేపు పక్కన పెట్టండి. 85 ఏళ్ల పరిశోధనల్ని ష్మిట్, హంటర్ అనే ఇద్దరు 1998లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. పూర్తి సంబంధం 1 అనుకుంటే, చదివిన ఏళ్లకీ పనితీరుకీ 0.10, చేసిన ఏళ్లకి 0.18, అదే పని చేయించి చూస్తే 0.54. ఈ చివరి అంకె తర్వాతి లెక్కల్లో బాగా తగ్గింది గానీ అనుభవం ఏళ్ల కంటే పైనే ఉంది.

మీ సూపర్‌వైజర్ నేర్చుకున్నది టైగర్ మీద, అదీ పలచగా వేసిన రోజుల్లో. వనామికి మన దేశంలో అనుమతి వచ్చిందే 2009లో, చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లల దాకా వేయొచ్చన్నారు. అంత ఒత్తుగా ఉన్నప్పుడు తెల్లారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుంది, మబ్బు పట్టిన మర్నాడైతే మరీనూ. రొయ్య పైకి తేలాక ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేద్దాంలే అంటే కుదరదు. కుర్రాడికి ఇది తెలుసు. అయితే మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలినప్పుడు నాలుగు రొయ్యల్ని వేళ్లతో నొక్కి, మౌల్టింగా (పెంకు విడవడమా), జబ్బా అని అక్కడికక్కడే చెప్పేది పెద్దాయనే అని నా అనుమానం.

ఒకే వయసు పిల్ల ఉన్న గుంటలు చెరొకటి పది రోజులు అప్పగించండి. వేసిన మేత, ట్రేలో మిగిలింది, తెల్లారుజాము నాలుగింటి డీఓ, ఏరేటర్ ఆన్ చేసిన టైము, అన్నీ ఎవరి పుస్తకంలో వాళ్లు రాయాలి. ఆ పుస్తకాలు చూస్తే మీకే తెలిసిపోతుంది.

పెద్దాయన్ని ట్రైనింగ్‌కి పంపొచ్చుగా అంటారేమో. అలా పంపితే బ్యాగూ భోజనమూ తప్ప ఏం రాలేదని తిట్టుకునే యజమానులు ఉంటారు, గట్టు మీద డీఓ మీటరే లేకపోతే వచ్చినవాడు నేర్చుకున్నది ఎక్కడ వాడతాడండీ? మీటర్ చూడటం పెద్దాయనకి కుర్రాడే నేర్పొచ్చు, మీ ఎదురుగా మాత్రం వద్దు, చిన్నబుచ్చుకుంటాడు. ఇంకోటి, కుర్రాడే మేనేజరైనా పెద్దాయన జీతం పైసా తగ్గించకండి. పక్క గుంటవాళ్లు ఆయన్ని తమ దగ్గరికి రమ్మని ఈపాటికి ఒకసారైనా అడిగే ఉంటారు.