ముఖానికి నూనె: రాయడం కన్నా తీయడం ముఖ్యం

మీరు అడిగినవి మూడు విషయాలు. సబ్బు మానేసి నూనెతో ముఖం శుభ్రం చేసుకుంటే మొటిమలు పెరగవా? నువ్వుల నూనె, కొబ్బరినూనె, ఆముదాల్లో ఏది మంచిది? క్వారీలో పనిచేసే మీ వారికి కూడా ఇది పనికొస్తుందా? ఒంగోలులో ఉంటూ రోజూ గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు స్కూటర్ మీద వెళ్ళి వస్తారని, సబ్బుతో కడిగితే ముఖం బిగుసుకుపోతోందని, అయినా సాయంత్రానికి జిడ్డు కారుతోందని రాశారు. నాదీ ఆ దారే. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూసే ఉద్యోగం. కొన్నేళ్ళుగా రాత్రిపూట ముఖానికి నూనే వాడుతున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఒక మాట. నూనెతో ముఖం శుభ్రం చేసుకోవడం మొటిమలకు మందు కాదు. సన్‌స్క్రీన్, కాటుక, రోజంతా పేరుకున్న జిడ్డు వదిలించుకోవడానికి మంచి ఉపాయం, అంతే. ఆ మాత్రానికే అయితే నిరభ్యంతరంగా మొదలుపెట్టండి. మొటిమలు పోవాలనే ఆశతో అయితే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. డబ్బూ కాలమూ రెండూ మిగులుతాయి.

సబ్బు మీ ముఖాన్ని ఎందుకు బిగిస్తోందో చెబుతాను. చర్మం పైపొర కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, పీహెచ్ 5కు అటూ ఇటూగా. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు, అంటే దానికి ఎదురైన క్షారగుణంతో ఉంటుంది. దానికి తోడు మన బోరు నీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు. ఆ లవణాలతో కలిసి తెల్లటి తెట్టులా మారుతుంది. బకెట్ అంచున గీరితే వచ్చే ఆ పొరే ముఖం మీద కూడా కొంత మిగులుతుంది. ఇంత చేసినా చెమటకు కరగకుండా తయారుచేసిన సన్‌స్క్రీన్ పూర్తిగా వదలదు. జిడ్డు జిడ్డులోనే కరుగుతుంది కాబట్టి నూనె ఆ పనిని రుద్దుడు లేకుండా చేస్తుంది.

అయితే ఒక ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. పైన నూనె రాస్తే లోపలి గ్రంథులు "ఇక మాకు పని లేదు" అనుకుని నూనె ఊరించడం తగ్గిస్తాయట! ఆ గ్రంథులు నడిచేది హార్మోన్ల మాట మీద. పైన మీరు ఏం రాశారో వాటికి పట్టదు. నూనె వాడినా సాయంత్రానికి మీ ముక్కు మెరుస్తూనే ఉంటుంది.

ఇక మన దుమ్ము సంగతి. సంతనూతలపాడు దాటిన దగ్గర నుంచి బండరాళ్ళు మోసే లారీల వెనక వెళ్ళే వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. యూనిట్లలో రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారు కాబట్టి లోపల బురదే ఎక్కువ. ఆ బురదను బయట పోస్తే ఎండి బూడిదరంగు పొడిగా మారుతుంది, గాలి వీచినప్పుడల్లా లేస్తుంది. ఇక్కడ దొరికే నల్లటి గెలాక్సీ గ్రానైట్ పాలిష్ పెట్టాక బంగారు చుక్కలతో ఎంత అందంగా ఉన్నా, పొడి పొడే. వేళ్ళ మధ్య నలిపి చూడండి, గరగరలాడుతుంది.

నూనె పద్ధతి చెప్పేవారంతా "పొడి ముఖానికి నూనె రాయండి" అంటారు. ఇంట్లోనో ఏసీ గదిలోనో కూర్చునే వారికి అది సరైనదే. మనం అలా చేస్తే రాతిపొడిని నూనెలో కలిపి ముఖానికి ఉప్పుకాగితం రుద్దినట్టే. అందుకని నేను ఇంటికి రాగానే ముందు దోసిళ్ళతో నీళ్ళు ముఖానికి కొట్టుకుంటాను. రుద్దను, కొట్టుకోవడమే. కనుబొమల్లో, జుట్టు మొదళ్ళలో, ముక్కు పక్కల ఇరుక్కున్న పొడి దిగిపోయేదాకా. తర్వాత తువ్వాలు అద్ది తడి తీసేసి, అప్పుడు నూనె.

నూనె అర చెంచా చాలు. అరచేతుల మధ్య కాస్త వెచ్చబెట్టి, వేళ్ళ మెత్తటి భాగంతో ఒక నిమిషం పాటు మెల్లగా తిప్పుతూ రాయాలి. పది నిమిషాల మర్దనలు ముఖానికి అనవసరం. ఎక్కువ రాపిడి వల్ల ఎర్రబడటం తప్ప ఒరిగేది లేదు. కళ్ళ దగ్గర ఉంగరపు వేలితో పైపైన తాకిస్తే కాటుక కరిగిపోతుంది. కంట్లో పడితే కాసేపు మసకగా కనిపిస్తుంది, కంగారు పడకండి, నీళ్ళతో కడిగేయండి.

ఇప్పుడు అసలు పని. రాసిన నూనెను ఎలా తీస్తారనే దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. నూనె రకం గురించి గంటలు గంటలు వాదించేవారు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. వేడినీళ్ళలో తువ్వాలు ముంచి ముఖం మీద పరుచుకోమంటారు. చలి దేశాల వారికి అది బాగుంటుందేమో! రోహిణి కార్తెలో మన మేడమీది ట్యాంకు నీళ్ళే చేయి పెట్టలేనంతగా కాలుతుంటాయి. గోరువెచ్చగా ఉంటే సరిపోతుంది. పాత పంచెలోంచి చింపిన మెత్తటి నూలు గుడ్డ ముక్కలు నాలుగు పెట్టుకోండి. తడిపి, పిండి, ముఖం మీద అద్ది, పైనుంచి కిందికి తుడవండి. మొదటిసారి గుడ్డ మీద మట్టిరంగు మరక వస్తుంది, దాని చుట్టూ సన్‌స్క్రీన్ తెల్లగా చారలు కడుతుంది. గుడ్డను మడత మార్చి, ఆ రంగు రావడం ఆగేదాకా తుడవాలి.

అక్కడితో ఆపేయమని చెప్పేవారున్నారు. నూనె పొర మిగిలితే చర్మానికి మంచిదంటారు. మన కోస్తా ఉక్కలో నేను దాన్ని ఒప్పుకోను. చెమట, నూనె పొర, దిండు గలేబు మూడూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తర్వాత తప్పకుండా సబ్బు లేని తేలికపాటి ఫేస్‌వాష్ కొద్దిగా వాడండి. అదీ ఇష్టం లేకపోతే పెసరపిండి. పొట్టు తీసిన పెసరపప్పును మెత్తగా పట్టించి, మళ్ళీ పలుచని గుడ్డలో జల్లించాలి. వేళ్ళకు రవ్వలా తగిలే పిండి ఒంటికి పనికొస్తుంది కానీ ముఖానికి కాదు. మన ఇళ్ళలో తలంటులు గుర్తు చేసుకోండి. భోగినాడు నువ్వుల నూనె రాసి, నలుగు పెట్టి, కుంకుడు రసంతో తల రుద్దితేనే స్నానం పూర్తయ్యేది. నూనె రాసి అలాగే వదిలేయమని ఏ అమ్మమ్మా చెప్పలేదు.

నూనెల విషయానికి వస్తే, నా ఓటు నువ్వుల నూనెకు. అందులో లినోలిక్, ఓలిక్ అనే కొవ్వు ఆమ్లాలు దాదాపు సమానంగా, నూటికి నలభై చొప్పున ఉంటాయి. అందువల్ల మరీ పలుచగానూ ఉండదు, మరీ బంకగానూ ఉండదు. సెసమాల్ వంటి సహజ పదార్థాల వల్ల మన ఎండలకు కూడా త్వరగా పాడవదు. గానుగ దగ్గర కొంటే అడుగున మడ్డి ఉంటుంది. నువ్వులు ఆడేటప్పుడు కొన్నిచోట్ల బెల్లం వేస్తారు, ఆ జిగురు కూడా మడ్డిలోకే దిగుతుంది. సీసాను కదపకుండా పెట్టి పైతేట మాత్రం వేరే చిన్న సీసాలోకి వంపుకోండి. పూజ సామాను దుకాణాల్లో దొరికే దీపం నూనె జోలికి మాత్రం వెళ్ళకండి. అందులో రకరకాల నూనెలు కలుస్తాయి, తినడానికి కాదని సీసా మీదే రాసి ఉంటుంది. తినడానికి పనికిరానిది ముఖానికి ఎందుకు?

ఆముదం ఒక్కటే రాయకండి. అందులో నూటికి తొంభై వంతుల దాకా రిసినోలిక్ ఆమ్లమే. చిక్కగా ఉండి జిడ్డును బాగానే పట్టి లాగుతుంది కానీ తీయడం కష్టం, పైగా కొందరికి చర్మం ఆరిపోతుంది. నాలుగు పాళ్ళు నువ్వుల నూనెకు ఒక పాలు ఆముదం కలుపుకోండి, చలికాలంలో అదీ తగ్గించండి. గింజలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి తీసిన నల్లటి ఆముదం తలకు సరే, ముఖానికి ఆ వాసన భరించలేం. వేడి చేయకుండా గానుగలో తీసిన లేతరంగు ఆముదం మేలు.

వంటింట్లోని రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె కూడా ఈ పనికి నిక్షేపంలా సరిపోతుంది. ప్యాకెట్ నూనె అని చిన్నచూపు చూడకండి, కాసేపటికి తుడిచేసే దానికి గానుగ నూనె గొప్పలు అక్కరలేదు. ఆలివ్ నూనెలో ఓలిక్ ఆమ్లం మరీ ఎక్కువ, అది చర్మపు పైపొర పట్టును సడలిస్తుంది కాబట్టి నేను కొనను. వేపనూనె ఘాటు ముఖానికి వద్దు. కుంకుమాది తైలం వంటి ఖరీదైనవి రాసి తుడిచేయడం డబ్బు దండగ.

కొబ్బరినూనె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ ముందు చేతికందేది అదే. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. చాలామందికి ముఖం మీద రంధ్రాలు పూడ్చి తెల్లటి చిన్న పొక్కులు తెస్తుంది. నెల్లూరులో ఉండే మా చెల్లెలు దానితోనే ముఖం తుడుచుకునేది. నుదుటి నిండా ఒకే సైజులో సన్నటి పొక్కులు వచ్చాయి, దురద. మొటిమల క్రీము రాస్తే తగ్గలేదు. డాక్టరు చూసి ఇవి మొటిమలు కావు, మలాసీజియా అనే ఈస్టు (ఒక రకం ఫంగస్) వల్ల వచ్చినవని చెప్పారు. అది చర్మం మీద అందరికీ ఉండేదే. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు తిని పెరుగుతుంది, ఉక్కపోత దానికి పండగ. నూనె మాన్పించి ఫంగస్‌కు మందు ఇచ్చాక తగ్గింది. మీకూ దురద పెట్టే పొక్కులు ఒకే తీరుగా ఉంటే ఏ నూనే వద్దు, నువ్వుల నూనె కూడా వద్దు. మరో సంగతి: తలకు రాసిన నూనె నుదుటి మీదికి జారడం వల్ల వచ్చే మొటిమలు వేరే. జుట్టుకు పట్టించే జిడ్డు క్రీముల వల్ల ఇలా వస్తాయని చర్మవైద్యులు 1970లోనే రాశారు, పొమేడ్ యాక్నే అంటారు. నున్నగా నూనె రాసి జడ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళే మనకు అది బాగా వర్తిస్తుంది.

"ఈ నూనెకు సున్నా మార్కులు, ఆ నూనెకు నాలుగు మార్కులు" అంటూ రంధ్రాలు పూడ్చే గుణానికి అంకెలు వేసిన పట్టికలు మీరు చూసే ఉంటారు. వాటిలో చాలా అంకెలు కుందేళ్ళ చెవుల మీద చేసిన పాత పరీక్షల నుంచి వచ్చినవి. వాటిని దారి చూపే గుర్తులుగా తీసుకోండి, తీర్పుగా కాదు. మీ చర్మానికి పరీక్ష మీరే పెట్టాలి. దవడ కింద ఒక చిన్న చోట నాలుగైదు రాత్రులు రాసి చూసి, దద్దురు, దురద లేకపోతే ముఖమంతా మొదలుపెట్టండి. నువ్వులు పడనివారు ఉన్నారు, తింటే దురదలు వచ్చేవారు రాసుకోనే కూడదు.

నూనెలో నిమ్మరసం పిండమని ఎవరైనా చెబితే వినకండి. మా పుట్టిల్లు పొదలకూరు వైపు, నిమ్మతోటల మధ్య పెరిగాను. ఎండలో కాయలు కోసి, పిండిన చేతుల మీద చారలు చారలుగా నల్లటి మచ్చలు పడటం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిమ్మ తొక్కలో, రసంలో ఉండే ఫ్యూరోకూమరిన్లు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి. ఆ మచ్చలు నెలల తరబడి పోవు. ముఖం తెల్లబడుతుందని రాసుకుని నల్ల మచ్చలు తెచ్చుకోవడమే అవుతుంది.

మొదట్లో పొక్కులు పెరిగితే "లోపలి మలినాలు బయటికి వస్తున్నాయి, ఓపిక పట్టండి" అనేవారు ఉంటారు. ఆ మాట విని ఎందరో నెలలు పాడుచేసుకున్నారు. నూనె లోపలి నుంచి ఏమీ లాగదు. పొక్కులు పెరుగుతున్నాయంటే ఆ నూనె మీకు పడలేదు, ఆపేయండి. నొప్పి పెట్టే గడ్డలు, గుంటలు పడే మొటిమలు ఉన్నవారు, మొటిమలకు డాక్టరు రాసిన క్రీములు వాడుతున్నవారు డాక్టరును అడక్కుండా అసలు మొదలుపెట్టకూడదు.

నాకు ఒరిగిందేమిటంటే, ముఖం కడిగాక బిగుసుకోవడం పోయింది. కాటుక కోసం కళ్ళు రుద్దుకోవడం తప్పింది. ముక్కు మీది నల్ల చుక్కలు మెత్తబడి తగ్గినట్టు కనిపిస్తాయి, కొద్దిరోజులకు మళ్ళీ వస్తాయి. రంగు మారలేదు. నెలసరికి ముందు గడ్డం మీద వచ్చే మొటిమ ఎప్పటిలాగే వస్తుంది. ఉదయం నూనె వాడను, నీళ్ళతో కడుక్కుని సన్‌స్క్రీన్ రాసుకుంటాను. గుడ్డ ముక్కలు రోజూ వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి, లేకపోతే రెండోనాటికే పాత నూనె కంపు. స్నానాలగది నేల కూడా ఒకసారి కడగండి, ఇంట్లో పెద్దవాళ్ళు జారతారు.

మీ వారి విషయం. పని నుంచి వచ్చాక ఆయన కూడా ఇదే పద్ధతిలో, ముందు నీళ్ళతో పొడి దింపుకుని, తర్వాత నూనె వాడవచ్చు. కానీ క్వారీకి వెళ్ళేముందు కొబ్బరినూనె రాసుకుంటే దుమ్ము నుంచి కాపాడుతుందని కొందరు పనివాళ్ళు అనుకుంటారు. అది తప్పు, జిడ్డు ముఖానికి దుమ్ము ఇంకా ఎక్కువ అతుక్కుంటుంది. ఆయనకు గడ్డం ఉందని రాశారు. గడ్డం మీద ఎన్-95 మాస్కు అంచు అతుక్కోదు, సందుల్లోంచి రాతిపొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముఖానికి ఏ నూనె రాయాలనే ఆలోచన కన్నా ముందు ఆ గడ్డం తీయించి, మాస్కు సరిగా బిగించుకోమని చెప్పండి.