పక్కింటి రాట్‌వైలర్‌ను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మా పక్కింటివాళ్లు బదిలీ మీద వెళ్తూ మూడేళ్ల మగ రాట్‌వైలర్ కుక్కను ఎవరికైనా ఇచ్చేస్తామంటున్నారు. ఎప్పుడూ మెట్ల కింద గొలుసుతోనే ఉంటుంది. గేటు చప్పుడైతే చాలు, ఎగిరెగిరి అరుస్తుంది. జాలేసి మేమే తెచ్చుకుందామనుకుంటున్నాం. మాకు ఆరేళ్ల పాప ఉంది. ఈ జాతిని నిషేధించారని కూడా విన్నాం. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు నిషేధం సంగతి. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో రాట్‌వైలర్ ఉంది. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది. మీరు మాత్రం మున్సిపాలిటీలో రూలేమిటో కనుక్కుని కుక్క పేరు నమోదు చేయించండి, రేబిస్ టీకా కార్డు దగ్గర పెట్టుకోండి.

గొలుసు మీదున్న కుక్కను చూసి దాని స్వభావం తేల్చలేం. పారిపోయే దారి లేదు కాబట్టి వచ్చినవాళ్లను అరిచి తరుముతుంది. వాళ్లు వెళ్లిపోగానే తన అరుపు పనిచేసిందనుకుంటుంది. అలా రోజూ అలవాటు ముదురుతుంది. (ఎప్పుడూ కట్టేసి, తిప్పకుండా ఉంచడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ మాట పక్కింటివాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.)

పక్కింటివాళ్లను సూటిగా అడగాల్సింది ఒకటుంది: ఇది ఎవరినైనా కరిచిందా, పళ్లు దిగాయా, కరిచినప్పుడు అక్కడ ఏం జరిగింది? పిల్లలను కరిచిందని తేలితే మీ ఇంటికి వద్దు, ఎంత జాలేసినా సరే. పిల్లల్లేని, పెద్ద కుక్కలు అలవాటున్న ఇల్లు చూడాలి. అలాంటిదేమీ లేకపోతే, పాప లేకుండా మీరు వెళ్లి, వాళ్లు పట్టుకుని ఉండగా నాలుగైదు సార్లు పక్కన నడవండి.

తెచ్చుకునేముందే డాక్టరుకు చూపించండి. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష, చెవులు, తుంటి కీళ్ల ఎక్స్‌రే తప్పనిసరి. ఈ జాతికి తుంటి నొప్పి ఎక్కువ. ముట్టుకుంటే కసురుకునే కుక్కల్లో చాలావాటికి అసలు బాధ చెవిలో చీము పట్టడమో, కీళ్ల నొప్పో అయి ఉంటుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి, కానీ దాంతోనే కోపం పోతుందనుకోకండి. భయం వల్ల వచ్చే దూకుడు ఆపరేషన్‌తో తగ్గకపోవచ్చు.

మొదటి నెల దాన్ని గేటు దగ్గర ఉంచొద్దు. పాత ఇల్లు పక్కనే కాబట్టి అక్కడి కాపలా ఇక్కడి నుంచే కొనసాగిస్తుంది. లోపల ఒక గది, తలుపుకు అడ్డంగా ఎత్తయిన గేటు, ఆరడుగుల పట్టీ చాలు. కొత్త తిండి ఒక్కసారిగా మార్చితే విరేచనాలు పట్టుకుంటాయి. రెండు రోజులు పావు వంతు, మరో రెండు రోజులు సగం, తర్వాత ముప్పావు వంతు, వారానికి పూర్తిగా మార్చండి. పూటకొకసారిగా రెండు పూటలు పెట్టండి. తిన్న గంట దాకా పరుగెత్తనివ్వొద్దు, పెద్ద కుక్కలకు కడుపు మెలిపడే ప్రమాదం ఉంది.

పాపనూ కుక్కనూ నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. తింటున్నా, పడుకున్నా పాప దగ్గరికి వెళ్లకూడదు. గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. కరవబోయే ముందు అది చేసే హెచ్చరిక అది. దాన్ని మాన్పిస్తే చెప్పకుండా కరవొచ్చు. గుర్రుమన్నప్పుడు పాపను దూరంగా తీసుకెళ్లి, ఎందుకన్నదో చూడండి.

ప్రశ్న: బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి గుడ్డ మజిల్ (కరవకుండా వేసే మూతి తొడుగు) కట్టొచ్చా?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. కుక్క నోరు తెరిచి వగర్చడం ద్వారానే ముఖ్యంగా ఒళ్లు చల్లబరచుకుంటుంది. గుడ్డ మజిల్ నోరు మూసేస్తుంది, మన ఎండల్లో వడదెబ్బ తగలొచ్చు. నోరు తెరిచి నీళ్లు తాగగలిగే బుట్ట మజిల్ తీసుకోండి. దాని లోపల కాస్త పెరుగు రాసి నాకనివ్వండి, బకిల్ పెట్టకుండా పదిరోజులు ఇలాగే చేయండి. తనంతట తాను మూతి లోపలికి పెట్టాకే బకిల్ వేయండి, అదీ మొదట కొన్ని సెకన్లే.