ఫాంటసీ లీగ్‌లో ట్రేడ్‌కు ఓటింగా? వద్దు బాబోయ్

‘మా ఎన్‌ఎఫ్‌ఎల్ ఫాంటసీ లీగ్‌లో ట్రేడ్‌ల రివ్యూకి ఓటింగ్ పెట్టాలా, కమిషనర్‌కే వదిలేయాలా?’ అని అడిగారు. (ఫాంటసీ లీగ్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లోని ఆటగాళ్లతో మన ఊహా టీం కట్టుకుని, వాళ్ల అసలు ఆటకు వచ్చే పాయింట్లతో పోటీపడటం. ట్రేడ్ అంటే ఆటగాళ్లను మార్చుకోవడం, కమిషనర్ అంటే మన లీగ్ నడిపేవాడు.) ఓటింగ్ మాత్రం వద్దండి. ఎనిమిది సీజన్లుగా ఆడుతున్నవాడిగా చెప్తున్నా, ట్రేడ్‌ను ఆపే వీటో ఓట్లు పదింటిలో తొమ్మిది కుళ్లుతో పడేవే. పదోది వేలు తగిలి పడి ఉంటుంది.

2024 సీజన్ సంగతి చెప్తాను. మాది 12 టీముల ఆఫీసు లీగ్. ట్రేడ్ ఒప్పుకున్నాక రెండు రోజులు రివ్యూ, నాలుగు వీటోలు పడితే రద్దు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడొకడికి డ్రాఫ్ట్‌లో, అంటే సీజన్ ముందు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునేప్పుడు, ఫస్ట్ పిక్ వచ్చింది. సంబరంగా శాన్‌ఫ్రాన్సిస్కో స్టార్ క్రిస్టియన్ మెకాఫ్రీని తీసుకున్నాడు. అంతకుముందు సీజన్ ఆడిన ఆట చూశాక ఎవరైనా అతన్నే తీసుకుంటారు. తీరా చూస్తే మొదటి మ్యాచ్‌కే అకిలీస్ నొప్పి అని పక్కన కూర్చోబెట్టారు. ఈ వారం వస్తాడు, వచ్చే వారం వస్తాడు అంటూనే ఆరు వారాలు గడిచిపోయాయి. కుర్రాడి రికార్డు 1-5, అంటే ఒక గెలుపు, ఐదు ఓటములు.

అప్పుడు వాడే నా సీటు దగ్గరికి వచ్చాడు. మెకాఫ్రీని ఇస్తాను, నా టీంలో ఉన్న చూబా హబ్బర్డ్‌నీ టెర్రీ మెక్‌లారిన్‌నీ ఇమ్మన్నాడు. ‘నిజంగానేనా? తర్వాత బాధపడతావేమో’ అన్నాను. ‘అన్నా, ఇంకో రెండు ఓడితే నా సీజన్ అయిపోయినట్టే. డిసెంబర్‌లో ఆడేవాడు నాకెందుకు? ఈ ఆదివారం ఆడేవాడు కావాలి’ అన్నాడు. ఇంతకంటే తెలివైన మాట ఆ సీజన్లో మా లీగ్‌లో ఎవరూ మాట్లాడలేదు. నా టీం 4-2లో ఉంది, కాస్త ఆగగలను. వాడికి ఇప్పుడు కావాలి, నాకు తర్వాత కావాలి. ట్రేడ్ అంటే ఇదే కదా!

పావుగంటలో గ్రూప్‌లో మొదలైంది. ‘కుర్రాణ్ణి మోసం చేస్తున్నావ్ బాస్’ అని ఒకరు. ‘మెకాఫ్రీకి ఈ ఇద్దరా?’ అని ఇంకొకరు. కుర్రాడు పాపం ‘నేనే అడిగాను’ అని మూడుసార్లు రాశాడు. పట్టించుకున్నవాడు లేడు. రెండు రోజులు పరీక్ష రిజల్ట్ కోసం చూసినట్టు యాప్ తెరుస్తూనే ఉన్నాను. రెండో రోజు మీటింగ్‌లో ఉండగా ఫోన్ బజ్‌మంది. ట్రేడ్ రద్దు. కారణం లేదు, ఎవరు వేశారో పేర్లు లేవు. తర్వాత ఒకాయన నవ్వుతూ తనే ఒప్పుకున్నాడు, ఆ ఓట్లలో ఒకటి తనదేనట. ఈ మహానుభావుడు మూడు వారాలుగా లైనప్ ముట్టుకోలేదు. బై వీక్‌లో ఉన్నవాళ్లను, అంటే ఆ వారం మ్యాచే లేనివాళ్లను కూడా ఆడిస్తున్నాడు. సొంత టీం చూసుకునే తీరిక లేదు గానీ నా ట్రేడ్ ఆపే తీరిక ఉంది!

ఇక అసలు విషయానికి వస్తే, మెకాఫ్రీ నవంబర్ 10న తిరిగొచ్చాడు. నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. డిసెంబర్ 1న బఫెలో మంచులో మోకాలికి దెబ్బ తగిలి సీజన్ ముగిసింది. మెక్‌లారిన్ ఏమో 13 టచ్‌డౌన్లు కొట్టాడు. హబ్బర్డ్ 1,195 గజాలు పరిగెత్తాడు. అరిజోనా మీద ఓవర్‌టైమ్‌లో అతను కొట్టిన గెలుపు టచ్‌డౌన్‌తోనే నేను మా లీగ్ సెమీస్ గట్టెక్కాను. అంటే వీటోతో బాగుపడింది నేను, మునిగింది వాళ్లు కాపాడామనుకున్న కుర్రాడు. వాడు 3-11తో చివర తేలాడు. అయినా నాకు కోపం తగ్గలేదు. మేలు జరిగితే మాత్రం? వాళ్లెవరు ఆపడానికి?

అసలు లీగ్‌లో కూడా ఇలా ఓట్లు వేయరు కదా. ఇదే మెకాఫ్రీని 2022 అక్టోబర్‌లో కరోలినా శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చినప్పుడు ప్రతిగా ఒక్క ఆటగాడు కూడా రాలేదు, వచ్చింది నాలుగు డ్రాఫ్ట్ పిక్‌లే, అంటే తర్వాత కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలే. మా వాళ్ల చేతిలో పెడితే నాలుగు కాదు, పదికి పది వీటోలూ పడేవి. 2025 ఫిబ్రవరిలో ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్‌లో డల్లాస్ పాతికేళ్ల లూకా డోంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుంది. ఊరంతా తిట్టింది. అయినా మిగతా టీములను కూర్చోబెట్టి చేతులెత్తించలేదు. తప్పు ట్రేడ్ చేసే హక్కు కూడా టీం నడిపేవాడిదే.

కుమ్మక్కు సంగతి ఏమిటంటారా? అది వేరు. రేసులోంచి పోయినవాడు చివరి వారాల్లో తన స్టార్లను స్నేహితుడికి ధారపోస్తే కమిషనర్ ఆపాల్సిందే. దానికి ట్రేడ్ డెడ్‌లైన్ కాస్త ముందే పెట్టేస్తే సగం గొడవ పోతుంది. కమిషనర్ సొంత ట్రేడ్‌లను చూడటానికి ఇంకొకరిని పెట్టుకోండి, అంతే.

ఫైనల్ వారానికి హబ్బర్డ్ పిక్క గాయంతో లేడు, నేను ఓడిపోయాను, అది వేరే ఏడుపు. మరుసటి సీజన్ ముందు ఈ ఓటింగ్ తీసేయమని మా కమిషనర్‌ను బతిమాలాను. ‘నీ మాట నిజమే, అందరినీ అడుగుదాం’ అని గ్రూప్‌లో పోల్ పెట్టాడు. 7-5 తేడాతో ఓటింగే గెలిచింది.